ముందు ఎడమ మూల కుట్టు

మేడ్చల్ రోడ్డు మీది కార్ల షెడ్లలో ఒక మాట వాడుకలో ఉంది. ముందు అద్దం పక్క నుంచి నీళ్ళు కారినా, డిక్కీలో తడి చేరినా, ఆఖరికి టీ గ్లాసుకు పగులున్నా "ముసలాయన కుట్టు" అంటారు. పోయిన చలికాలం నేను ఒక షెడ్డులో పనిలేక కూర్చుని ఉంటే, రేడియేటర్ కింద చెయ్యి పెట్టి చూసి ఒక మెకానిక్ అదే మాట అన్నాడు. ఆ ముసలాయన ఎవరో అతనికి తెలియదు. ఎన్నడూ చూసినవాడు కాదు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అలవాటు కొద్దీ నేనూ నవ్వాను.

ఆ మాట పుట్టడానికి కారణం నేను. ఆ ముసలాయన కుట్టు కారలేదు. ఈ సంగతి చెప్పకుండా మూడేళ్ళు గడిపాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు ఫోన్లో వీడియోలు చూసి పాత కార్లు బాగుచేస్తున్నారు, మంచిదే. వీడియోల్లో లేని సంగతి ఒకటి చెబుతాను. చదివాక ఆ మాట మానేయండి.

ఇరవై ఎనిమిదేళ్ళు నేను కార్ల లోపలి పని చేశాను. సీట్లు, డోర్ల రెక్సిన్, పైన అంటించే లైనింగు. గౌడవెల్లి మలుపు దాటాక నా షెడ్డు ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందు సగం పోయింది. మిగిలిన సగాన్ని నా నడుం నొప్పి మూయించింది. ఇప్పుడు నాకు యాభై నాలుగు.

ఆ కారు శామీర్‌పేట నుంచి వచ్చింది. లారీ మీద వేసుకుని తెచ్చారు. అరవై ఏళ్ళనాటి విదేశీ కారు, బొద్దింక వీపులా గుండ్రంగా ఉంటుంది. దాని పైకప్పు మధ్యలో రేకు ఉండదు, గుడ్డ ఉంటుంది. ముందున్న పిడి తిప్పి వెనక్కి తోస్తే ఆ గుడ్డ మడతలు పడుతూ వెనక్కి పోతుంది, పైన ఆకాశం కనిపిస్తుంది. కనిపించాలి. నా దగ్గరికి వచ్చేసరికి ఆ గుడ్డలో ఎలుకలు కాపురం పెట్టి, పిల్లలను పెంచి, ఖాళీ చేసి వెళ్ళిపోయాయి.

దాని యజమానిని మేమంతా పటేల్ అనేవాళ్ళం. భూములున్న కుటుంబం, ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం, ఊళ్ళో కాస్త రాజకీయం కూడా. లారీ దిగీ దిగకముందే, "మేస్త్రీ, దీని నెత్తి తెరుసుకోవాలె. ఆషాఢం లోపల" అన్నాడు.

"ఆషాఢంకు ఇంక రెండు నెల్లు గూడ లేవు పటేలా. మీద గుడ్డ లేదు, కింద కడ్డీలు లేవు. చుట్టూతా తుప్పు."

"అందుకే గదనయ్యా నీ తాన్కి తెచ్చింది. మంచిగున్నదైతే నేనే తెరుసుకుందు."

తొందర ఎందుకంటే వాళ్ళ అమ్మ కోసం. ఆమె పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచి ప్రతి బోనాలకూ నెత్తిన బోనం పెట్టుకుని పోచమ్మ గుడిదాకా నడిచేది. రెండేళ్ళుగా మోకాళ్ళు సహకరించడం లేదు. ఓపెన్ జీపులో తీసుకుపోతానని కొడుకు అన్నాడట. "జీపుల నిలవడి చేతులూపనీకి నేనేమన్న ఓట్లకు నిలవడ్డనా? మీ నాయిన కారుంది గదా, దాంట్ల పోత" అందట ఆమె. కారు ముందు సీట్లో కూర్చుని, పైకప్పు తెరిస్తే, నెత్తి మీది బోనం దీపంతో సహా బయటికి కనిపిస్తుంది. ఆమె కాలు కింద పెట్టక్కర్లేదు. అదీ ఆలోచన. వినగానే నాకూ బాగుందనిపించింది. కాసేపే.

ఇక్కడ ఆ పైకప్పు గురించి ఒక్క సంగతి చెప్పాలి. గుడ్డ పైకప్పు నీళ్ళను పూర్తిగా ఆపదు. అంచుల వెంట కొంచెం లోపలికి వస్తాయి, రావాలి కూడా. వాటి కోసం తెరిచే చోటు చుట్టూ రేకుతో చిన్న కాలువ ఉంటుంది. మేము నాలీ అంటాం. నాలీకి నాలుగు మూలల్లో నాలుగు రంధ్రాలు, వాటికి సన్నటి గొట్టాలు. అవి డోర్ల పక్క స్తంభాల లోపలి నుంచి దిగి నీళ్ళను కారు కిందికి వదులుతాయి. గుడ్డ ఎంత బాగా కుట్టినా ఆ నాలుగు గొట్టాలు మూసుకుపోతే పైకప్పు పైకప్పు కాదు, తొట్టి.

గుడ్డ కుట్టడానికి నేను పిలిచింది గాజులరామారం ఉస్తాద్‌ను. డెబ్బైకి దగ్గర పడ్డవాడు. సూరారంలో టెంట్లు కుట్టడంతో మొదలుపెట్టి, జీపుల హుడ్డులు, లారీ టార్పాలిన్లు, అన్నీ కుట్టాడు. నాకు వంకర సూది పట్టడం నేర్పింది ఆయనే. గుడ్డ పెద్ద కుట్లన్నీ మిషను మీద వేయొచ్చు కానీ, ముందున్న అడ్డపట్టీ చుట్టూ గుడ్డను మడిచే రెండు మూలల్లో మాత్రం మిషను పనికిరాదు. కారు మీదే, వంకర సూదితో, మైనం రాసిన దారంతో చేత్తో కుట్టాలి. ఉస్తాద్ ఆ మూలలు కుడుతున్నప్పుడు చూపు రోడ్డు మీద ఉండేది. వచ్చేపోయే బస్సులను చూస్తూ కుట్టేవాడు. సూది ఎక్కడుందో వేలికి తెలుసు.

ఆయనకు కొన్ని పట్టుదలలు ఉండేవి. గుడ్డను మిట్టమధ్యాహ్నం ఎండలోనే బిగించాలి. బిగించాక మూసి మూడు రోజులు ముట్టుకోకూడదు. నాలుగో రోజు సీట్ల మీద పాత న్యూస్‌పేపర్లు పరిచి, పైన బకెట్లతో నీళ్ళు పోయాలి. పేపరు మీద చుక్క పడితే కుట్టు తప్పు. ఆ తరవాత నాలుగు మూలల్లోనూ చెంబుతో నీళ్ళు పోసి, కారు కింద సిమెంటు మీద నాలుగు తడి మచ్చలు లెక్కపెట్టాలి. మూడే ఉంటే బండి బయటికి పోకూడదు.

ఇక ఆ రెండు నెలలు. ఇప్పుడు తలుచుకున్నా పళ్ళు కొరుక్కుంటాను.

కడ్డీలు చేయిస్తే వాటి వంపు కుదరలేదు. వంపు కుదిర్చితే పొడుగు కుదరలేదు. గుడ్డ కోసం బేగంబజారంతా తిరిగాను. పటేల్ తమ్ముడు నాకు చెప్పకుండా టెంట్ హౌస్ నుంచి నీలం టార్పాలిన్ తెచ్చి, "గిది మస్తు గట్టిగుంటది, లారీ ఎక్కినా చినగది" అన్నాడు. లారీ ఎందుకు ఎక్కుతుంది బాబూ పైకప్పు మీద? సొల్యూషన్ రాసి అంటిస్తే ఎడమవైపు ముడత. ఎడమవైపు లాగితే కుడివైపు ముడత. నాలుగుసార్లు అంటించి నాలుగుసార్లు పీకాము. అప్పటికి మృగశిర వచ్చింది, మబ్బు పట్టింది. ఎండ కోసం ఇద్దరం కారు పక్కన స్టూళ్ళు వేసుకుని ఆకాశం చూస్తూ కూర్చునేవాళ్ళం. ఎండ లేదని తెలిసి పటేల్ ఇంట్లోంచి జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చాడు.

"దీంతోని ఏం జేయాలె పటేలా?" అన్నాడు ఉస్తాద్.

"ఎండనుకో."

"ఎండకు స్విచ్చు ఉంటదా?"

షెడ్డు వెనక కొత్తగా వచ్చిన కాలనీలో కోస్తా నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ ఇంజనీరు ఉండేవాడు. రోజూ పొద్దున నడకకు వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు తప్పకుండా ఆగేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఏదో ఒకటి అడిగేవాడు.

"ఏవండీ, అంచుల్లోంచి నీళ్ళొస్తాయి కదండీ. మరి అవి ఎటు పోతాయండీ?"

"మీ ఇంటికి పంపుతం సార్" అన్నాను ఒకరోజు విసుగు పట్టలేక. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. మర్నాడు వచ్చి మళ్ళీ అదే అడిగాడు.

ఆ ప్రశ్నకు నేను సరిగ్గా జవాబు చెప్పి ఉంటే, చెప్పేందుకు ఒక్కసారి నాలీ వైపు చూసి ఉంటే, ఇదంతా రాయాల్సిన అవసరం ఉండేది కాదు. ఎందుకంటే అప్పటికే ఆ నాలుగు రంధ్రాలూ మూసి ఉన్నాయి. మూసింది నేనే. నాలీ తుప్పు గీకి రంగు వేసేటప్పుడు, గీకిన పొడి గొట్టాల్లో పడకుండా పాత గుడ్డ పీలికలు చుట్టి ఒక్కోదాంట్లో కుక్కాను. రంగు ఆరాక తీద్దామనుకున్నాను. రంగు ఆరింది. వాటి మీద కూడా రంగు పడి అవి నాలీలో కలిసిపోయాయి. ఎండ వచ్చిందని ఉస్తాద్ కేకేస్తే గుడ్డ పట్టుకుని పరిగెత్తాను. మరిచిపోయాను.

గుడ్డ బిగిసిన రోజుకు అమావాస్య ఇక రెండు రోజులుంది. పటేల్ ఫోను మీద ఫోను. "అమావాస్య దాటితే ఆషాఢం. ఆషాఢంల బండి ఇంటికి తేవద్దంటది అమ్మ. రేపు పదకొండు లోపల గేటు దాటాలె, గంతే." మూడు రోజుల విశ్రాంతి ఒక రాత్రి అయింది. మర్నాడు పొద్దున బకెట్లతో నీళ్ళు పోశాం. ఉస్తాద్ సీట్లో కూర్చుని పేపర్లు వెలుతురులో పెట్టి చూశాడు. ఒక్క చుక్క లేదు. కాసిన్ని నీళ్ళే పోశాం కాబట్టి నాలీ నిండలేదు. అంతలోనే పటేల్ మనుషులు దండతో, కొబ్బరికాయతో వచ్చేశారు. ఉస్తాద్ టీకి వెళుతూ వెనక్కి తిరిగి అడిగాడు.

"బేటా, నాలుగు మూలల్ల పోసి చూసినవా?"

"చూసిన ఉస్తాద్."

"నాలుగు పడ్డయా?"

"పడ్డయ్."

అంతే. అబద్ధమని కూడా అనిపించలేదు. తరవాత పోద్దాం, ఎలాగూ బాగానే ఉంటాయి, అనుకున్నాను. పదకొండుకు పది నిమిషాలుండగా కారు గేటు దాటింది.

బోనాల ఆదివారం పటేల్ నన్నూ ఉస్తాద్‌నూ రమ్మన్నాడు. పైకప్పు తెరవడం, మూయడం నా పని. ఏమైనా తెగితే కుట్టడానికి ఉస్తాద్. తెల్లవారుజాము నుంచి వాన పడుతూ ఆగుతూ ఉంది, కారు ఇంటి ముందు తడుస్తూనే ఉంది. పది గంటలకు తెరిపి ఇచ్చింది. పటేల్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్కన వాళ్ళ అమ్మ, కొత్త చీర, చేతులకు పసుపు. నేను పైకప్పు తెరిచాను. ఆమె బోనం ఎత్తి నెత్తిన పెట్టుకుంది. వేపాకుల మధ్య దీపం కారు పైకప్పులోంచి బయటికి వచ్చి వెలిగింది. జనం ఒక్కసారిగా అరిచారు. ఉస్తాద్ నా భుజం మీద చెయ్యి వేసి, "వాహ్" అన్నాడు. నిజం చెబుతున్నాను, నా జీవితంలో నేను చేసిన ఏ పనికీ అంత సంతోషం కలగలేదు.

డప్పుల ముందు పోతరాజు, వెనక కారు, కారు పక్కన నేను. జనం ఒత్తిడికి ఉస్తాద్ ముప్పై అడుగులు వెనకబడ్డాడు. చెరువు కట్ట దగ్గరికి వచ్చేసరికి వాన మళ్ళీ అందుకుంది. "అమ్మా, దీపం! కిందికి దించు" అన్నాడు పటేల్. ఆమె బోనాన్ని ఒళ్ళోకి దించుకుని, దీపానికి చెయ్యి అడ్డం పెట్టింది. నేను పైకప్పు ముందుకు లాగి పిడి బిగించాను. వాన గట్టిగా కొడుతోంది. లోపల దీపం నిలకడగా వెలుగుతోంది. ఆమె అద్దంలోంచి నన్ను చూసి నవ్వింది.

పోతరాజు కొరడా ఝళిపిస్తూ హఠాత్తుగా ఆగాడు. పటేల్ బ్రేకు వేశాడు. పైన తొట్టిలా నిండి ఉన్న నీళ్ళు ఒక్కసారిగా ముందుకు వచ్చి, ఎడమ మూలలో నుంచి ఆమె ఒళ్ళో పడ్డాయి. చెంబుతో పోసినట్టు. దీపం ఆరిపోయింది.

డప్పులు ఒకదాని వెంట ఒకటి ఆగాయి. ఎవరో ఆడమనిషి "అయ్యో తల్లీ" అంది. పటేల్ దిగాడు.

"ఏంది గిది?"

నాకు ఆ క్షణంలోనే తెలిసింది. కుట్టు కారితే చుక్కలు పడతాయి. ఇలా పడ్డాయంటే నాలీ. నాలీ నిండిందంటే పీలికలు. ఆ పీలికలు కుక్కుతున్న నా వేళ్ళు నాకు కళ్ళముందు కనిపించాయి. చుట్టూ నాలుగు వందల మంది. నా షెడ్డుకు పని వచ్చేది వాళ్ళ నోటి మాట మీదే.

"మూల కుట్టు కారింది పటేలా" అన్నాను. అది చాలదన్నట్టు, "ముసలాయన, కండ్లు ఆనుతలేవు" అని కూడా అన్నాను.

అప్పటికి ఉస్తాద్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. చివరి మాట విన్నాడు. తడిసిన సీటు చూశాడు. నన్ను పక్కకు లాగి, మెల్లగా ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"ధారగ పడ్డయా, సుక్కలా?"

ఆయన తెలివైనవాడు. ఆ ఒక్క జవాబుతో తప్పు ఎక్కడుందో తేలిపోతుంది. నేను ఆయన మొహం చూడకుండా "సుక్కలు" అన్నాను.

మర్నాడు కారు షెడ్డుకు తెచ్చి, ఎవరూ లేనప్పుడు నాలుగు పీలికలూ లాగేశాను. పటేల్‌కు కొత్త కుట్టు కనపడాలి. అందుకని ఉస్తాద్ వేసిన కుట్టు బ్లేడుతో కోసి, అదే మూల నేనే మళ్ళీ కుట్టాను. చూస్తే ఆ కుట్టు ఎంత ముద్దుగా ఉందో! ఒక దారం పోగు కూడా వదులు కాలేదు. దాన్ని కోశాను.

రెండు రోజులకు ఉస్తాద్ ఫోన్ చేశాడు. "ఇగ రాను బేటా. కండ్లు పోయినయ్. ఇంకొకరి దీపం గూడ ఆర్పుత." నేను ఏమన్నానో తెలుసా? "సరే ఉస్తాద్, రెస్టు తీసుకోండి" అన్నాను.

మూడేళ్ళలో ఆ మాట షెడ్డు నుంచి షెడ్డుకు పాకింది. నేనే ఎక్కడో చెప్పి ఉంటాను, సరదాగా. చలికాలంలో ఆ మెకానిక్ నోట విన్నాక గాజులరామారం వెళ్ళడానికి ఇంకా నాలుగు నెలలు పట్టింది. బస్సెక్కడం, ఏదో పని గుర్తు తెచ్చుకుని సూరారంలోనే దిగిపోవడం. రెండుసార్లు అలా చేశాను. మూడోసారి వెళ్ళాను.

ఉస్తాద్ గుమ్మం ముందు చాప మీద కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తున్నాడు.

"రా బేటా. కోడలు గీ పని ఇచ్చింది. దీనికి కండ్లు అక్కర్లేదట" అని నవ్వాడు.

నిలబడే చెప్పాను. పీలికలు, నాలీ, ధార, అన్నీ. ఆయన వెల్లుల్లి రేకలు ఒక్కొక్కటే గిన్నెలో వేస్తూ విన్నాడు. చేతికంటిన పొట్టు దులుపుకున్నాడు.

"డాక్టర్ తాన పోయిన. నీ కండ్లు మంచిగనే ఉన్నయ్ అన్నడు. నమ్మలే. ఇంకో డాక్టర్ తాన పోయిన, ఆయన గూడ గట్లనే అన్నడు. ఇద్దరు డాక్టర్లు జూట్ చెప్తున్రు అనుకున్న." గిన్నె పక్కకు జరిపాడు. "నువ్వు జూట్ చెప్తవని అనుకోలే."

తిట్టి ఉంటే బాగుండేది. నేను ఏదో క్షమించమని గొణుగుతుంటే చెయ్యి ఎత్తి ఆపాడు.

"అమ్మకు చెప్పినవా?"

"ఏ అమ్మకు?"

"ఏ అమ్మకా! దీపం ఎవరిది పోయింది? నీదా, నాదా?"

చెప్పడం కాదు, ఆమె సంగతి నాకు తట్టనే లేదు. మూడేళ్ళూ నా తప్పు, ఆయన పేరు, ఇవే లెక్క వేసుకున్నాను. ఒళ్ళో ఆరిన దీపంతో ఇంటికి వెళ్ళిన మనిషి తరవాత ఏం చేసిందో ఒక్కసారీ అడగలేదు. ఉస్తాద్ చొక్కా మార్చుకుని వచ్చాడు. చేతిలో పాత రేకు డబ్బా, అందులో సూదులు.

"నడువు, శామీర్‌పేటకు. ఇగ ఆగితే మళ్ళ సూరారంలనే దిగుతవ్."

పటేల్ ఇంటి పక్క రేకుల షెడ్డులో కారు కప్పి ఉంది. పటేల్ మమ్మల్ని చూసి ప్లాటు కోసం వచ్చామనుకున్నాడు. వాళ్ళ అమ్మ మంచం మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. ఇద్దరి ముందూ చెప్పాను. చెబుతున్నంతసేపూ పటేల్ మొహం ఎర్రబడుతూ పోయింది.

"నీయవ్వ, మూడేండ్లాయె మేస్త్రీ! మా అమ్మ గప్పటి సంది గుడి మెట్టు ఎక్కలే!"

"నువ్వాగు కొడుకా" అంది ఆమె. నా వైపు తిరిగింది. "మళ్ళ చెప్పు. రంధ్రాలల్ల ఏం పెట్టినవ్?"

"గుడ్డ పీలికలు అమ్మా. ఇంకేం లేదు."

"గుడ్డ పీలికలు" అంది. "తల్లి నా మీద అల్గిందనుకున్న. నా చేతి బోనం వద్దన్నదనుకున్న. ఏం పాపం జేసిన్నో అని పెండ్లయిన కాడికెల్లి యాదికి తెచ్చుకున్న. చిన్నప్పుడు ఆడిబిడ్డ తోని కొట్లాడింది గూడ. కోడలెత్తుకుంటాంది బోనం, నేను ఇంట్ల కూసుంటున్న. గుడ్డ పీలికలకా?" అని విసనకర్ర తిరగేసి నా భుజం మీద ఒకటి వేసింది. బాగానే తగిలింది. తరవాత ఉస్తాద్‌ను చూసింది. "సాయిబూ, నిన్ను గూడ తిట్టుకున్న, గుడ్డి సాయిబని. మనసుల పెట్టుకోకు."

"నేను గూడ నన్ను తిట్టుకున్న అమ్మా" అన్నాడు ఉస్తాద్.

"ఇగ నా ముంగట నీళ్ళు పొయ్యిండ్రి. నేను సూడాలె."

కారు బయటికి తోశాం. ఆమెకు కుర్చీ వేశారు. పటేల్ స్వయంగా పైపు పట్టాడు. నాలుగు మూలల్లో నీళ్ళు పోశాక ఉస్తాద్ వంగి కారు చుట్టూ తిరిగి లెక్కపెట్టాడు. "ఏక్, దో, తీన్, చార్." నాలుగు చోట్లా సన్నటి ధార. నా ప్రాణం కుదుటపడింది.

అప్పుడు కారు లోపల, ముందు సీటు మీద, టప్‌మని చప్పుడైంది. మళ్ళీ టప్. ఎడమ మూల నుంచి చుక్కలు.

ఉస్తాద్ వెళ్ళి ఆ మూల మీద వేలు పెట్టాడు. కుట్టు వెంట వేలిని చివరిదాకా నడిపించాడు, మళ్ళీ మొదటికి తెచ్చాడు.

"గిది నాది కాదు" అన్నాడు.

ఇంత చెప్పినవాణ్ణి, కుట్టు కోసిన సంగతి మాత్రం చెప్పలేదు. గాజులరామారంలో చెప్పలేదు, ఇక్కడా చెప్పలేదు. అది అక్కర్లేదనుకున్నాను. పాత చిల్లుల పక్కన నా సూది కొత్త చిల్లులు పొడిచింది. మైనం రాయడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది ఆ రోజు. మూడేళ్ళ క్రితం కారని కుట్టును కారిందని చెప్పి, తరవాత దాన్ని కారేలా చేసింది నేనే. చెప్పాను.

పటేల్ పైపు కింద పడేశాడు. "ఇంకేమన్న ఉన్నదా మేస్త్రీ? ఉంటే ఒక్కపారే కక్కు. నీళ్ళు పోసినప్పుడల్లా ఒకటి బయటవడుతాంది!"

"ఇంకేం లేదు పటేలా."

"గిదే మాట ఇందాక గూడ చెప్పినవ్."

ఉస్తాద్ రేకు డబ్బా తెరిచి వంకర సూది తీశాడు. ఆయన కుడతాడనుకున్నాను. పైకి చెప్పను గానీ లోపల హాయిగా అనిపించింది. ఆయన మళ్ళీ సూది పట్టాడు, కథ ముగిసింది, అనుకున్నాను. ఆయన సూది తెచ్చి నా చేతిలో పెట్టాడు. కుర్చీ తెప్పించుకుని ఆమె పక్కన వేసుకుని కూర్చున్నాడు.

"నువ్వే విప్పు. నువ్వే కుట్టు. అర్ధ వేలు లోపలికి మడువు, పాత చిల్లులన్ని కిందికి పోవాలె."

ఎండ నెత్తి మీదికి వచ్చింది. విప్పాను. మడిచాను. మైనం రాశాను. యాభై దాటిన వేళ్ళకు వంకర సూది ఎంత కష్టమో చెప్పలేను, నడుము విల్లులా వంగిపోయింది. మూల మొత్తం కుట్టి చూపించాను. ఆయన లేచి వచ్చి వేలు పెట్టి చూశాడు.

"ఆడ వదులున్నది. ఇప్పు."

విప్పాను. మళ్ళీ కుట్టాను. మళ్ళీ వచ్చి చూశాడు. "గిప్పుడు గట్టిగ లాగినవ్, ముడత వడ్డది. ఇప్పు." వెనక వాళ్ళిద్దరూ మోకాళ్ళ నొప్పులకు ఏ నూనె మంచిదో మాట్లాడుకుంటున్నారు. పటేల్ తిరిగి తిరిగి అలిసిపోయి మెట్ల మీద కూర్చున్నాడు. మూడోసారి కుట్టింది నాకు బాగానే ఉందనిపించింది. ఆయన వేలు మధ్యలో ఒక చోట ఆగింది.

"ఇప్పు."

వంట చల్లారిపోతోందని లోపలి నుంచి రెండుసార్లు పిలుపు వచ్చింది. ఆమెకే నా మీద జాలి పుట్టింది.

"సాయిబూ, ఇగ సాలు తియ్యి. ఆకలైతాంది. మంచిగనే ఉన్నది గదా."

"మూడేండ్లు ఆగినం అమ్మా, మనిద్దరం" అన్నాడు ఉస్తాద్, నా చేతుల వైపే చూస్తూ. "ఇంకో గంట ఆగలేమా?"

ఆమె కాళ్ళు కుర్చీలో సర్దుకుంది.

"ఇప్పు కొడుకా" అంది నాతో.

నేను మళ్ళీ విప్పడం మొదలుపెట్టాను.